పుట్ట ఇచ్చిన మంద

గొర్రె అంటే అమాయకత్వం, పొట్టేలు అంటే మొండితనం అని మన సామెతలు తేల్చేశాయి. కర్నూలు, కడప మెట్టల్లో పుట్టిన కథలు, కంకణాలు, జాతరలు ఆ తీర్పును ఒప్పుకోవు. ఈజిప్టు, గ్రీసు, చైనాల దాకా వెళ్ళి చూసినా వాటికే సాక్ష్యం దొరుకుతుంది.

తెలుగు సామెతల్లో గొర్రెకు దక్కిన మర్యాద చాలా తక్కువ. ముందువెనుకలు చూడకుండా పదిమంది వెంట పోతే గొర్రెదాటు. ఎన్నేళ్ళయినా పెరగనిది గొర్రెతోక. తనను కోయబోయే కసాయినే నమ్మేది గొర్రె. శక్తికి మించిన పనికి దిగినవాడు కొండను ఢీకొన్న పొట్టేలు. ఇవే మాటలు వినపడే నేల మీద, కర్నూలు జిల్లా పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు, ఉన్ని దారాన్ని పెళ్ళి కంకణంగా కట్టుకునే వంశాలున్నాయి. నల్ల కంబళి కప్పుకున్న గొరవయ్య ఇంటి ముందు నిలబడితే దేవుడే వచ్చాడని చేతులు జోడించే పల్లెలున్నాయి. ఒకే సీమలో ఒకే జంతువుకు ఇంత చులకన, ఇంత పెద్దపీట ఎలా దక్కాయన్నది తేలాల్సిన ప్రశ్న. నాకు తోచే జవాబు ఇది: గొర్రెను తెలివితక్కువదిగా చూసినవి మందకు దూరంగా నిలబడ్డ కళ్ళు. మంద వెంట నడిచినవాళ్ళ ఊహలో గొర్రె బాకీకి గుర్తు. ఈ జీవం మనది కాదు, ఎవరో నమ్మి అప్పగించారు, ఏదో ఒక రూపంలో తిరిగి చెల్లించాలి అన్న ఎరుక ఆ కథల అడుగున పారుతూ ఉంటుంది. గొర్రెల మీద బతికిన జనం ఎక్కడున్నా ఈ ఎరుక జాడ ఉంది. వానను నమ్ముకోలేని రాయలసీమలో అది మరింత బాహాటంగా కనబడుతుంది.

అన్నలు చూపిన పుట్ట

ఎడ్గర్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణాది కులాల, తెగల వివరణలో, గొర్రెలు మేపే కురువల పుట్టుక కథ ఒకటి ఉంది. తూర్పు కనుమల్లో కట్టెలమ్ముకుని బతికే మాసిరెడ్డి, నీలమ్మ దంపతులకు ఆరుగురు కొడుకులు. వాళ్ళ పేదరికం చూసి శివుడు జంగమయ్య వేషంలో వచ్చి విభూతి ఇచ్చి, ఇంకొక కొడుకు పుడతాడని, వాడితో ఇల్లు కళకళలాడుతుందని చెప్పాడు. అలా పుట్టినవాడు ఉండాల పద్మన్న. సేద్యంతో ఇల్లు నిలదొక్కుకుంది. అన్నలు ఆరుగురూ పొలంలో ఒళ్ళు వంచితే పద్మన్న ఏ పనికీ వంగలేదు. విసిగిన అన్నలు అతణ్ణి వదిలించుకోవాలనుకుని, పాములున్న పుట్ట మీది కంప కొట్టి రమ్మన్నారు. పద్మన్న కంప తొలగించగానే పాముకు బదులు పుట్టలోంచి గొర్రెలు వచ్చాయి, అంతులేనన్ని వచ్చాయి. భయంతో పారిపోబోయిన అతడికి శివుడు ప్రత్యక్షమై, అవి నీ బతుకుదెరువు కోసమే పుట్టాయని చెప్పి, పాలు పితకడం నేర్పాడు. మహారాష్ట్రలో గొర్రెలు మేపే ధన్‌గర్లు కూడా తమ మందలు పుట్టలోంచే వచ్చాయని చెప్పుకుంటారు. దక్కను పశుపాలకుల దేవుళ్ళ మీద జీవితకాలం పనిచేసిన జర్మన్ పండితుడు గుంథర్ సొంథైమర్ ఆ కథలను వివరంగా నమోదు చేశాడు.

ఈ కథ విలువ తెలియాలంటే దీన్ని మరో రెండు పాత కథల పక్కన పెట్టి చూడాలి. సుమారు 4 వేల ఏళ్ళ నాటి సుమేరు మట్టిపలకల మీద గొర్రెకూ ధాన్యానికీ జరిగిన వాదం ఒకటి ఉంది. ఇద్దరు దేవతల రూపంలో అవి విందులో కూర్చుని నేను గొప్పంటే నేను గొప్పని వాదించుకుంటాయి. చివరికి ఎంకి దేవుడు ధాన్యానిదే పైచేయి అంటాడు. కాలవల కింద పండిన ధాన్యంతో గాదెలు నింపిన నగరాలు ఇంకో తీర్పు ఇస్తాయని అనుకోలేం. బైబిల్ ఆదికాండంలో తీర్పు తిరగబడింది. సేద్యగాడైన కయీను తెచ్చిన పంట దేవుడికి నచ్చలేదు, కాపరి హేబెలు తెచ్చిన తొలిచూలు గొర్రెపిల్లలు నచ్చాయి. ఆ కోపంలో అన్న తమ్ముణ్ణి చంపాడు. మొదటి కథలో పొలం గెలిచింది, రెండో కథలో మంద గెలిచి నెత్తురు పారింది. పద్మన్న కథలోనూ సేద్యగాళ్ళైన అన్నలకు కాపరి కాబోయే తమ్ముడి మీద హత్యాబుద్ధి పుట్టింది. అయినా ఇక్కడ ఎవరూ చావలేదు, ఎవరూ గెలవలేదు. చావు కోసం చూపించిన చోటే సిరి పుట్టింది.

ఈ తేడాకు కారణం ఈ నేల బతుకులోనే ఉంది. కోతలయ్యాక మందను పొలంలో నిలిపితే రాత్రికి రాత్రి పెంట, మూత్రం మట్టికి చేరతాయి. అందుకు రైతు కాపరికి గింజలో డబ్బులో ఇస్తాడు. కర్నూలు, కడపల మెట్ట గ్రామాల నుంచి మందలు నల్లమల అంచులకూ, కేసీ కాలువ కింద కోసిన పొలాలకూ తరలిపోవడం ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో భాగమే. ఎరువు కావాలి కాబట్టి రైతుకు మంద కావాలి, మేత కావాలి కాబట్టి కాపరికి పొలం కావాలి. వాన తప్పిన ఏడు పొలం ఉన్నచోటే ఎండిపోతుంది, మంద మాత్రం నడిచిపోగలదు. 1876లో మొదలైన ధాత కరువు లాంటివి చూసిన సీమలో, నడవగల ఆస్తి విలువ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అన్నదమ్ముల మధ్య చావుతో ముగియాల్సిన కథ ఇక్కడ అలా ముగియకపోవడం వెనుక ఈ పరస్పర అవసరమే ఉందని నేను నమ్ముతున్నాను. ఒక విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి. గొర్రె పశ్చిమాసియాలో సుమారు 10 వేల ఏళ్ళ కింద మచ్చికై, ఆ తర్వాతే దక్కనుకు చేరింది. బయటి నుంచి నడిచివచ్చిన ఆ జంతువును మన కథ ఈ ఎర్రమట్టి కడుపులోంచే పుట్టించింది. ఈ నేల ఇచ్చింది కాబట్టి ఈ నేలకే బాకీ అని లెక్క తేల్చింది.

ఉన్ని కంకణం, నల్ల కంబళి

బాకీని ఒప్పుకున్న గుర్తులు ఆచారాల్లో ఉన్నాయి. పద్మన్నకు రెండు పెళ్ళిళ్ళు జరిగాయని, ఒకదానిలో నూలుతో, మరొకదానిలో ఉన్నితో కంకణం కట్టారని కథ చెబుతుంది. ఆ రెండు సంతతులే నేటికీ ఉన్ని కంకణం వాళ్ళు, పత్తి కంకణం వాళ్ళు అన్న శాఖలుగా కురువల్లో ఉన్నాయి. పత్తి పొలం పంట, ఉన్ని మంద పంట. అన్నదమ్ముల కథలో ఎదురెదురుగా నిలబడ్డ ఆ రెండూ ఇక్కడ ఒకే వంశవృక్షంలో రెండు కొమ్మలయ్యాయి. కొత్త కాపురానికి సాక్షిగా గొర్రె ఒంటి మీది దారాన్ని మణికట్టుకు కట్టుకోవడంలో, మా ఇల్లు దీని వల్లే నిలబడుతుంది అన్న ఒప్పుకోలు ఉంది.

కంబళి సంగతి ఇంకా గొప్పది. మైలారలింగేశ్వరుడి భక్తులైన గొరవయ్యలు నల్ల కంబళి వేసుకుని, తలకు ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టి, డమరుకం మోగిస్తూ, పిల్లనగ్రోవి ఊదుతూ ఆడతారు. కర్నూలు, అనంతపురం పల్లెలకు వాళ్ళు కొత్త కాదు. కర్ణాటకలోని మైలారలో ఏటా జరిగే జాతరలో గొరవయ్య ఒకరు విల్లు ఎక్కి, రాబోయే ఏడాది గురించి ఒక్క ముక్కలో కారణికం పలుకుతాడు. వానలు, పంటలు, పాలన ఎలా ఉంటాయో ఆ ఒక్క ముక్కలోనే జనం వెతుక్కుంటారు. కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో దేవరగట్టు కొండ మీద మాళ మల్లేశ్వరస్వామి కొలువున్నాడు. దసరా రాత్రి అక్కడ ఊళ్ళకు ఊళ్ళు కర్రలు పట్టి బన్ని ఉత్సవం జరుపుతాయి. మణి, మల్లాసురులనే రాక్షసుల్ని దేవుడు చంపిన కథకు అది గుర్తు. ఆ కర్రల్లో ఏటా తలలు పగలడం బాధాకరం, ఆగాల్సిన విషయం. ఆ ఉత్సవం చివర బసవన్న గుడి దగ్గర భవిష్యవాణి వినిపిస్తారు. అక్కడా జనం చెవులు రిక్కించేది వాన మాట కోసమే. మెట్టసీమలో అన్నిటికన్నా పెద్ద వార్త వాన. ఆ వార్త చెప్పే అధికారాన్ని మైలార సంప్రదాయం కంబళి కప్పుకున్నవాడికి ఇచ్చింది. మబ్బును, గాలిని, గడ్డిని ఎవరికన్నా ముందు చదవాల్సిన పని కాపరిదే కాబట్టి ఆ అధికారం అతడికి చెల్లింది.

ఈ దేవుడి కాపురం కూడా మన వాదనకు సాక్ష్యమే. మహారాష్ట్రలో జెజూరి ఖండోబాగా కొలిచే ఈ దేవుడికి ఇద్దరు భార్యలు. మ్హాళసా వ్యాపారుల ఇంటి బిడ్డ, బాణాయి ధన్‌గర్ల బిడ్డ. తెలంగాణలో కొమురవెల్లి మల్లన్నగా కొలిచేచోటా ఇద్దరే. బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. అంగడి నుంచి ఒకరు, మంద నుంచి ఒకరు. ఊరు కాపరిని చిన్నచూపు చూసిన కాలంలో కూడా దేవుడు కాపరి ఇంటికి అల్లుడయ్యాడు. అల్లుడికి ఆ ఇంటి మీద హక్కు ఎంత ఉంటుందో బాధ్యతా అంతే ఉంటుంది. కొలిచేవాళ్ళకూ దేవుడికీ మధ్య బాకీ రెండు వైపులా నడుస్తుందని చెప్పడానికి మన జానపదులు ఎంచుకున్న దారి ఇది.

దేవతలు ఎక్కిన పొట్టేలు

గొర్రె సంగతి అలా ఉంటే, పొట్టేలు బలానికి గుర్తు అన్నది దాదాపు అన్నిచోట్లా ఉన్న మాట. ఈజిప్టులో ఆమున్ దేవుడికి పొట్టేలు పవిత్రం. కర్నాక్ గుడి దారికి ఇరుపక్కలా పొట్టేలు తల, సింహం ఒళ్ళు ఉన్న విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. ఆ దేశంలోనే ఖ్నూమ్ అనే పొట్టేలు తల దేవుడు కుమ్మరి సారె మీద మనుషుల్ని మట్టితో చేస్తాడు. మన అగ్నిదేవుడికి వాహనం పొట్టేలు, కుజుడికీ అదే. రాశిచక్రం మేషంతోనే మొదలవుతుంది. ఋగ్వేదంలో ఇంద్రుణ్ణే పొట్టేలుగా సంబోధించిన సూక్తం ఉంది. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామం ఓరుగల్లు వీధుల్లో పొట్టేళ్ళ పోరును చూపించింది. ఇదంతా శౌర్యానికీ పుంస్త్వానికీ సంబంధించిన గుర్తుల కిందే లెక్కకు వస్తుంది. బాకీకి ఇక్కడ చోటెక్కడ అని ఎవరైనా అడగవచ్చు.

ఆ కథల్ని ఇంకొంచెం దగ్గరగా చదివితే జవాబు దొరుకుతుంది. వాల్మీకి రామాయణం బాలకాండలో గౌతముడి శాపం వల్ల ఇంద్రుడు వృషణాలు పోగొట్టుకుంటే, పొట్టేలు వృషణాలు తెచ్చి అతడికి అతికించారు. తప్పు చేసింది దేవేంద్రుడు, చెల్లించింది పొట్టేలు. దక్షుడు శివుణ్ణి అవమానించి తల పోగొట్టుకుంటే అతడికి తిరిగి ప్రాణం పోసింది కొమ్ములున్న జంతువు తలే. భాగవతంలో అది మేక తల, శిల్పాల్లో కొన్నిచోట్ల మెలితిరిగిన కొమ్ముల పొట్టేలు తల. దక్షయజ్ఞాన్ని ధ్వంసం చేసిన వీరభద్రుడికి పాత కడప జిల్లా రాయచోటిలోనూ, పొరుగున లేపాక్షిలోనూ పేరున్న గుళ్ళున్నాయి. వీరభద్రుడి పక్కన ఆ తలతో చేతులు జోడించి నిలబడ్డ దక్షుణ్ణి చెక్కడం శిల్పుల ఆనవాయితీ. మన కథల్లో పొట్టేలు బలం ఎప్పుడూ తనకోసం ఖర్చు కాదు. ఇంకొకరి లోటు పూడ్చడానికే ఖర్చవుతుంది. దేవుణ్ణి మోస్తుంది, దేవుడి శరీరంలో లోటు నింపుతుంది, అహంకారం వల్ల పోయిన తలను మరోసారి నిలబెడుతుంది. బలం ఉన్నది కాబట్టే భారం దాని మీద పడింది.

తలకు తల

ఇంకొకరి బదులు పొట్టేలు చెల్లించడం అన్న ఈ ఆలోచన లోకమంతా పాకి ఉంది. అబ్రాహాము కొడుకును బలి ఇవ్వబోయిన చివరి క్షణంలో పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనిపించింది. ఆ త్యాగాన్ని తలచుకుంటూ కడప, కర్నూలు ముస్లింల ఇళ్ళలో బక్రీద్ నాడు ఖుర్బానీ ఇచ్చి, మాంసాన్ని బంధువులకూ పేదలకూ పంచుతారు. క్రైస్తవం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ దేవుడి కుమారుడే గొర్రెపిల్ల, మనుషుల బాకీ ఆయన తీర్చాడు. 19వ శతాబ్దంలో కడప, నంద్యాల పల్లెల్లో మిషనరీల మాట విన్న పేద కుటుంబాలకు కాపరి, మంద, గొర్రెపిల్ల అన్న మాటలు వేరే దేశపు బొమ్మలుగా తోచి ఉండవు. గ్రీకుల బంగారు ఉన్ని కథ సాహసయాత్రగా లోకానికి తెలుసు గాని, దాని మొదలు కరువులో ఉంది. సవతితల్లి వేయించి ఇచ్చిన విత్తనాలు మొలవక పంట పోతే, ఫ్రిక్సస్ అనే రాకుమారుణ్ణి బలి ఇస్తేనే కరువు తీరుతుందన్నారు. బంగారు పొట్టేలు వచ్చి అతణ్ణి మోసుకుపోయింది. ఒడ్డు చేరాక ఫ్రిక్సస్ ఆ పొట్టేలునే దేవుడికి బలి ఇచ్చాడు. కాపాడినదాన్నే చంపడం మనకు క్రూరంగా తోస్తుంది. కథ లెక్క ప్రకారం అది దేవుడికి బాకీ పడ్డ ప్రాణం, అతడి ప్రాణానికి బదులుగా ఆ ప్రాణమే వెళ్ళాలి.

సీమ పల్లెల్లో ఊరి దేవర జరిగినప్పుడు, గంగమ్మ జాతరలప్పుడు ఇదే లెక్క నడుస్తుంది. బిడ్డ బతికితే, వాన పడితే, మంద రోగం నుంచి బయటపడితే పొట్టేలును ఇస్తామని మొక్కుకుంటారు. దేవుడి పేరు మీద వదిలిన పొట్టేలును ఎంత అవసరమొచ్చినా సంతలో అమ్మరు. మొక్కు రోజున దాని మీద నీళ్ళు చల్లి, అది ఒళ్ళు విదిలించుకునే దాకా కాచుకుంటారు. విదిలించుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు, లేదంటే ఇంకాసేపు ఆగాలి. పురాతన గ్రీకు బలుల్లోనూ జంతువు తల మీద నీళ్ళు చల్లేవాళ్ళు, అది తల ఆడిస్తే సమ్మతించినట్టు భావించేవాళ్ళు అని పండితులు చాలాకాలం రాశారు. చంపబోయే జీవం ఒప్పుకోలు కోసం ఎదురుచూడటం ఎందుకు? సొంత ఆస్తిని ఖర్చు పెట్టుకునేవాడికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అప్పుగా తెచ్చినదాన్ని తాకేవాడికే అడగాల్సిన అవసరం. ఈ ఒక్క ఆచారం చాలు, కాపరి మనసులో గొర్రెకున్న స్థానం ఏమిటో చెప్పడానికి.

ఎర్రగుడి బండ వేసే ప్రశ్న

ఇక్కడ అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఎదురవుతుంది. అది బయటివాళ్ళ నుంచి కాదు, కర్నూలు జిల్లా రాతి మీది నుంచే. పత్తికొండ, గుత్తి మధ్య ఎర్రగుడి బండల మీద అశోకుడి 14 ప్రధాన శాసనాలు చెక్కి ఉన్నాయి. వాటిలో మొదటిదే ప్రాణిని చంపి బలి ఇవ్వకూడదంటుంది. తన వంటశాలలో రోజూ లక్షలకొద్దీ జరిగే వధ రెండు నెమళ్ళకూ ఒక జింకకూ తగ్గిందని, అవీ ఆగిపోతాయని ఆ చక్రవర్తి రాయించాడు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఈ కొండల మధ్య ఆ మాట చదివి వినిపించారు. బాకీ, మొక్కు, సమ్మతి అంటూ ఎన్ని చెప్పినా గొంతు తెగేది పొట్టేలుదే కదా, విదిలించుకోవడం సమ్మతి ఎలా అవుతుంది అని అడిగేవాళ్ళకు ఎర్రగుడి బండ వెనుక నిలబడుతుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒంటి మీద నీళ్ళు పడితే ఏ జంతువైనా విదిలించుకుంటుంది. 1950లో మద్రాసు శాసనసభ జంతుబలుల నిషేధ చట్టం చేసింది, ఆ చట్టం ఆంధ్ర ప్రాంతానికీ వర్తించింది. నేను బలిని సమర్థించడం లేదు. గుడి ముందు నెత్తురు లేకుండానే మొక్కు చెల్లే రోజు రావాలనే కోరుకుంటాను.

నేను చెప్పేది వేరు. బలిని విమర్శించినంత మాత్రాన ఆ ఆచారం మోసుకొచ్చిన ఎరుక అబద్ధం అయిపోదు. చంపడానికి ముందు ఆగడం, అడగడం, ఒక ప్రాణానికి పేరు పెట్టి పెంచడం, దాని మాంసాన్ని ఊరితో పంచుకోవడం, ఇవన్నీ చంపడం తేలిక కాదు అన్న మనసు చేసిన పనులు. ఆ ఎరుక పోయిన చోట ఏమవుతుందో విజయనగరం చూపించింది. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, సుమారు 1520లో, మహానవమి ఉత్సవాలు చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ చివరి రోజున 250 దున్నపోతులను, 4,500 గొర్రెలను నరికారని రాశాడు. అన్ని వేల తలల్లో ఏ ఒక్క దాని ఒప్పుకోలు కోసమైనా ఎవరైనా ఆగి ఉంటారని నేను అనుకోను. ఊరి మొక్కులో ఉన్న బాకీ అక్కడ ప్రభువు దర్పంగా మారింది. ఈనాటి మాంసం అంగడిలో దర్పమూ లేదు, మొక్కూ లేదు, తూకం ఒక్కటే మిగిలింది. అశోకుడి ప్రశ్న గుడి ముందు పొట్టేలుకు ఎంత వర్తిస్తుందో దీనికీ అంతే వర్తిస్తుంది.

గొర్రెదాటు తెలివితక్కువతనమేనా?

రెండో అభ్యంతరం సామెతల వైపు నుంచి వస్తుంది. గొర్రె నిజంగానే గుడ్డిగా ముందుదాని వెంట పోతుంది, ఆ సామెతల్ని కాపరులు కూడా వాడతారు, మరి అవి దూరపు చూపు ఎలా అవుతాయి అంటారు. గొర్రె ముందుదాన్ని అనుసరించడం నిజం. అది తెలివితక్కువతనం అనడమే పొరపాటు. తోడేలుకు దొరికేది మంద అంచున ఉన్న జీవం. నడుమకు చేరితే ప్రాణం దక్కుతుంది. మంద కట్టే జంతువుల ఈ లెక్కను బ్రిటిష్ జీవశాస్త్రవేత్త డబ్ల్యూ.డి. హామిల్టన్ 1971లో సిద్ధాంతంగా వివరించాడు. ఇంగ్లండులో కీత్ కెండ్రిక్ బృందం 2001లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం గొర్రె 50 సాటి గొర్రెల ముఖాలను రెండేళ్ళకు పైగా గుర్తు పెట్టుకోగలదు. మంద వెంట తిరిగేవాడికి ఇది వింత కాదు, అతడూ తన జీవాల్లో దేనికది ముఖం చూసి చెప్పగలడు. మంద ఒక్కమాటగా నడవకపోతే వందల జీవాలను ఇద్దరు మనుషులు నల్లమల దాకా తోలుకుపోలేరు. పొలంగట్టు మీద నిలబడ్డవాడికి దాటుగా కనిపించింది, మంద వెనుక నడిచేవాడికి తన వృత్తికి ఆధారం. సామెత కాపరి నోట కూడా రావచ్చు. అయితే ఆ సామెతలో తిట్టు తగిలేది ఆలోచన ఉండీ ఆలోచించని మనిషికి. మనిషిని తిట్టడానికి అరువు తెచ్చుకున్న మాటను గొర్రె స్వభావానికి తీర్పుగా చదవడం సరికాదు. చైనా సంప్రదాయం అదే జంతువులో ఇంకొకటి చూసింది. గొర్రెపిల్ల ముందుకాళ్ళ మీద మోకరిల్లి తల్లి పాలు తాగుతుంది కాబట్టి, కన్నవాళ్ళ ఋణం మరవని బిడ్డకు దాన్ని ఆదర్శంగా చెప్పింది.

పోలికల హద్దు

సుమేరు నుంచి సీమ దాకా పోలికలు తెస్తే ప్రమాదం ఉందని జాగ్రత్తపరులైన చదువరులు హెచ్చరిస్తారు. అది సరైన హెచ్చరికే. ఏ రెండు కథలనైనా పక్కపక్కన పెడితే ఏదో ఒక పోలిక కనబడుతుంది, అంతమాత్రాన ఒకటి ఇంకొకదాని నుంచి వచ్చిందనలేం. అందుకే ఇక్కడ ఏ కథ ఎక్కడి నుంచి ప్రయాణించిందో చెప్పే ప్రయత్నం లేదు. బతుకుతెరువు ఒకటైనప్పుడు ఆలోచన ఎలా ఒకే దారి పట్టిందన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి పోలికల కన్నా తేడాలే ఎక్కువ సాయం చేశాయి. నైలు నది నమ్మకంగా పొంగే ఈజిప్టులో పొట్టేలు ఆలయ వైభవంలో చేరింది. గాదెలు నిండిన సుమేరులో గొర్రె వాదంలో ఓడింది. ఎప్పుడు వాన పడుతుందో తెలియని సీమలో గొర్రె పొలంతో రాజీ పడింది, దేవుడితో చుట్టరికం కలుపుకుంది. మన పశుపాలకుల గొప్ప వీరగాథ కాటమరాజు కథలో కూడా ఇదే నేలధర్మం ఉంది. అక్కడివి గొర్రెలు కావు, ఆవుల మందలు. కరువు వల్ల మేత వెతుక్కుంటూ నెల్లూరు సీమకు తరలిన మందల పుల్లరి తగాదా పాలేటి ఒడ్డున యుద్ధంగా ముదిరింది. మేత దొరకడం, దానికి బదులు చెల్లించడం అన్న రెండు మాటల చుట్టూనే ఆ గాథ అంతా తిరుగుతుంది.

చెల్లించాల్సిన వంతు

ఈ చర్చ పాత కథల దగ్గరే ఆగిపోతే దాని వల్ల ప్రయోజనం తక్కువ. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ తర్వాత స్థానం మనదే. సంఖ్య ఇంత పెద్దదైనా బంధం పలుచబడుతోంది. ముతక ఉన్నినిచ్చే దక్కనీ, బళ్ళారి జాతుల చోట్లోకి, ఒంటి మీద ఉన్ని లేని, మాంసానికి పేరున్న నెల్లూరు జాతి వచ్చేస్తోంది. ఉన్ని కత్తిరించే కూలి కూడా గిట్టక బొచ్చును పారేస్తున్న మందలు చాలా ఉన్నాయి. చేత్తో నేసిన నల్ల కంబళికి కొనేవాళ్ళు కరవై మగ్గాలు మూలపడుతున్నాయి. ఉన్ని కంకణం కట్టుకునే ఇళ్ళలో ఆ దారానికి ఉన్ని బయటి నుంచి తెచ్చుకోవాల్సిన రోజు వస్తే, ఆ ఆచారం అర్థం సగం పోయినట్టే. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. అలాంటి కంచెలు ఇంకా వస్తాయి. విద్యుత్తు కావాల్సిందే, అయితే మెట్ట భూముల పథకాలు గీసేటప్పుడు మందల దారులు, మేత బీళ్ళు, నీటి కుంటలు పటంలో ఉండాలని అడిగే గొంతు ఏది? మంద దారి మూసుకుపోతే పొలానికి చేరే ఎరువూ ఆగిపోతుంది. ఆ నష్టం కాపరితో పాటు రైతుకూ తగులుతుంది.

పుట్ట కథ చెప్పిన నీతి ఈ విషయంలో చాలా సూటిగా ఉంది. ఆ సిరి ఎవరి కష్టార్జితమూ కాదు, నమ్మి అప్పగించింది. అలాంటిదాన్ని పుచ్చుకున్నవాళ్ళకు కొన్ని బాధ్యతలుంటాయి. పొట్టేలు మెడ మీద కత్తి పెట్టకుండానే వాటిని నెరవేర్చవచ్చు. గ్రామ సభల్లో మేత బీళ్ళను లెక్కగట్టి కాపాడటం, దక్కనీ జాతిని మాంసం తూకంతో కాక ఉన్ని, ఓర్పు, నడక కలిపి విలువ కట్టడం, ముతక ఉన్నికి కొత్త వాడకాలు వెతకడం, గొరవయ్యల పదాలను, కురువల వంశగాథలను వాటిని చెప్పగలిగే పెద్దలు ఉండగానే విశ్వవిద్యాలయాలు రికార్డు చేయడం, పొలంలో మంద నిలిపే ఒప్పందానికి వ్యవసాయ పథకాల్లో చోటివ్వడం, ఇవన్నీ ఆ చెల్లింపులో భాగాలే. గొర్రె మనల్ని నమ్ముతుందని సామెత ఎగతాళి చేసింది. ఆ నమ్మకానికి తగినట్టు నడుచుకోవడమా, కసాయిలా నడుచుకోవడమా అన్నది మనుషుల చేతిలో ఉన్న నిర్ణయం. సీమ కథలు ఆ నిర్ణయాన్ని వందల ఏళ్ళ కిందే ఒక వైపు తేల్చి పెట్టాయి. వాటిని కథలుగా మెచ్చుకుని వదిలేయకుండా, ఒప్పందాలుగా చదివి అమలు చేయాల్సిన వంతు ఇప్పుడు మనది.